స్టెంట్ పడ్డాక కొలెస్ట్రాల్ రిపోర్టు నార్మల్ వచ్చింది, మాత్ర ఆపేయొచ్చా?

అడిగిన విషయం: చిత్తూరు దగ్గర పల్లె. నాయనకు 55 ఏళ్లు. రెండేళ్ల కిందట గుండెపోటు వస్తే తిరుపతిలో ఒక స్టెంట్ వేశారు. అప్పటినుంచి అటోర్వాస్టాటిన్ 40, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. గుండెపోటు వచ్చిన రోజు తీసిన రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 232, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 210. మొన్న తీసినదాంట్లో 148, 36, 170. ‘కొవ్వు నార్మల్‌కు వచ్చేసింది, ఇంకా ఆ మాత్ర ఎందుకు, లివర్ పోతుంది, షుగర్ వస్తుంది’ అని బంధువులు అంటున్నారు. కాళ్లు లాగుతున్నాయని నాయన కూడా ఆపేద్దామంటున్నారు. 31 ఏళ్ల కొడుకు అడుగుతున్నాడు: ఆపొచ్చా, నేనూ పరీక్ష చేయించుకోవాలా అని.

సమాధానం:

ఆపొద్దు. ముందు ఈ ఒక్క మాట పట్టుకోండి, కారణాలు తర్వాత నిదానంగా చదువుకోవచ్చు. మీ నాయన ఇప్పటికే ఆపేసి ఉంటే డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పి మళ్లీ మొదలుపెట్టించండి. వెంటనే ఆపాల్సిన సందర్భం ఒకటుంది, అది కాళ్ల నొప్పుల దగ్గర చెబుతాను.

రిపోర్టు నార్మల్ వచ్చింది మాత్ర వేసుకుంటున్నందుకే. బోరు మోటారు ఆడినంతసేపే మడికి నీళ్లు; మడి తడిసింది కదా అని మోటారు కట్టేస్తే నాలుగు రోజులకు నేల మళ్లీ నెర్రెలిస్తుంది. ఒంట్లో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మనం తిన్నది కాదు, కాలేయం రోజూ తయారుచేసేది. మాత్ర ఆ తయారీని అదుపులో పెడుతుంది. ఆపిన కొద్ది వారాల్లోనే ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, పాత అంకెకు చేరుకుంటుంది. అలా చేరుకున్నట్టు ఒంటికి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, నీరసం ఉండదు. మళ్లీ ఛాతీలో పట్టేసినట్టు అయినప్పుడే తెలుస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇంట్లో ‘కొవ్వు మాత్ర’ అని పిలిచేదాంట్లో ఏ మందులున్నాయో స్ట్రిప్ తిప్పి వెనకాల చదవండి. మన దేశంలో ఆస్పిరిన్, స్టాటిన్ (అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందు) కలిపిన మాత్రలు ఎక్కువ వాడతారు. ఎకోస్ప్రిన్ ఏవీ అంటే ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ రెండూ అందులోనే ఉన్నాయని అర్థం. క్లోపిడోగ్రెల్ కూడా కలిపి మూడు మందులూ ఒకే క్యాప్సూల్‌లో పెట్టేవీ ఉన్నాయి. కొవ్వు మాత్ర మానేస్తున్నామనుకుని ఆ క్యాప్సూల్ మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా కాపాడే మందులు కూడా మానేసినట్టే. జరిగే పొరపాట్లలో ఇది అన్నిటికంటే ప్రమాదకరమైనది. గుండెపోటు తర్వాత ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి సాధారణంగా ఏడాది ఇస్తారు, ఆ తర్వాత చాలామందికి ఒకటి తీసేస్తారు. మీ నాయనకు రెండేళ్లయింది కాబట్టి రెండూ ఇంకా కావాలా అని డాక్టర్‌ను అడగడం సబబే. కానీ ఏది తీయాలి, ఎప్పుడు తీయాలి అన్నది ఆయనే చెప్పాలి.

ఇక రిపోర్టు. దీన్ని దగ్గరగా చూద్దాం, ఎందుకంటే అసలు తప్పు ఇక్కడే జరిగింది.

ల్యాబ్ కాగితంలో మీరు చూడాల్సింది మొత్తం కొలెస్ట్రాల్ కాదు, ఎల్‌డీఎల్. చాలా ల్యాబులు దాన్ని నేరుగా కొలవవు, లెక్కగడతాయి. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే వీఎల్‌డీఎల్ వస్తుంది. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌నూ, ఈ వీఎల్‌డీఎల్‌నూ తీసేస్తే మిగిలేది ఎల్‌డీఎల్. గుండెపోటు రోజు లెక్క: 210ని 5తో భాగిస్తే 42. 232లోంచి 34, 42 తీసేస్తే 156. మొన్నటి లెక్క: 170ని 5తో భాగిస్తే 34. 148లోంచి 36, 34 తీసేస్తే 78. అంటే 156 నుంచి 78కి, సరిగ్గా సగానికి తగ్గింది. అటోర్వాస్టాటిన్ 40 చేయగలిగింది కూడా దాదాపు అంతే. మాత్ర తన పని తాను చేసింది, మీ నాయన క్రమం తప్పకుండా వేసుకున్నారని కూడా ఈ అంకే చెబుతోంది. (ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, అప్పుడు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిపించాలి.)

కాగితంలో 78 పక్కన ‘100 లోపు’ అని అచ్చువేసి ఉంటుంది, అందుకే నార్మల్ అన్నారు. ఆ 100 ఏ జబ్బూ లేనివాళ్లకు. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, గుండెపోటు వచ్చినవాళ్లకు ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలి. నాన్ హెచ్‌డీఎల్, అంటే మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేయగా మిగిలింది, 85 లోపు ఉండాలి. మీ నాయనది 148లోంచి 36 పోతే 112. ల్యాబ్ మనిషికి మీ నాయన గుండెలో స్టెంట్ ఉందని తెలియదు, మిషన్‌కు అసలే తెలియదు. కాబట్టి ఈ రిపోర్టు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్తే మాత్ర ఆపమనరు, ఇంకొకటి కలుపుదామంటారు.

ఏది కలుపుతారో, ఎందుకో కూడా తెలుసుకుంటే మంచిది. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ కూడా రెట్టింపుగా తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అలా తగ్గదు. మొదటి మోతాదులోనే ఎక్కువ పని జరిగిపోతుంది, తర్వాత ప్రతి రెట్టింపుకూ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. అటోర్వాస్టాటిన్‌ను 40 నుంచి 80కి పెంచితే 156లో 6 శాతం, అంటే 9 పాయింట్లు తగ్గి 69 దగ్గర ఆగుతుంది. అదే 40కి ఎజెటిమైబ్ 10 మి.గ్రా. కలిపితే ఇప్పుడున్న 78లో ఐదో వంతు పోయి 62 దగ్గరకు వస్తుంది. ఎజెటిమైబ్ దారి వేరు: పేగుల్లోంచి కొలెస్ట్రాల్ రక్తంలోకి పోకుండా ఆపుతుంది, కండరాల నొప్పి తక్కువ, ఖరీదు కూడా ఎక్కువ కాదు. ఆ 62 నుంచి 55కు దించడానికి తిండి కొంత, అవసరమైతే రోసువాస్టాటిన్‌కు మార్చడం కొంత. అప్పటికీ రాకపోతే బెంపడోయిక్ యాసిడ్ మాత్ర ఉంది. ఎవలోక్యుమాబ్ లాంటి రెండు వారాలకోసారి ఇంజెక్షన్లు, ఇన్‌క్లిసిరాన్ అనే ఆరు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ కూడా ఉన్నాయి. ఇంజెక్షన్లు బాగా ఖరీదు, మీ నాయనకు అంతదాకా అవసరం పడకపోవచ్చు.

అసలు అంత కిందికి ఎందుకు దించాలి? రక్తనాళంలో పూడిక అంటే పైపులో తుప్పులాగా గట్టిగా ఉంటుందని అనుకుంటాం. నిజానికి అది కురుపు లాంటిది. లోపల మెత్తటి కొవ్వు, పైన పలుచని పొర. గుండెపోటు చాలాసార్లు ఆ కురుపు పెరిగి నాళం మూసుకుపోవడం వల్ల రాదు, పై పొర చిట్లి దానిమీద రక్తం గడ్డకట్టడం వల్ల వస్తుంది. స్టెంట్ వేసింది ఒక చోట. మిగతా నాళాల్లో చిన్న చిన్న కురుపులు ఉండనే ఉంటాయి, యాంజియోగ్రామ్‌లో 20, 30 శాతమని రాసినవి అవే. స్టాటిన్ వాడేకొద్దీ లోపలి మెత్తటి కొవ్వు తగ్గుతుంది, పై పొర మందమవుతుంది, వాపు చల్లారుతుంది. పూడిక మొత్తం కరిగి మాయమవ్వదు, కానీ చిట్లే ముప్పు తగ్గుతుంది. మనకు కావాల్సింది అదే.

పని జరిగే తీరు ఇది. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారుచేసే ఎంజైమ్‌ను స్టాటిన్ అడ్డుకుంటుంది. తయారీ తగ్గేసరికి కాలేయం తనకు కావాల్సిన కొలెస్ట్రాల్ కోసం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టుకునే రిసెప్టర్లను ఎక్కువగా పైకి పంపుతుంది. అలా రక్తం లోంచి ఎల్‌డీఎల్‌ను కాలేయమే లాగేస్తుంది. ఆ రిసెప్టర్లను కనిపెట్టినందుకు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. మందును మొదట కనిపెట్టింది జపాన్ శాస్త్రవేత్త అకీరా ఎండో, 1970లలో, బూజులోంచి. 1987లో లోవాస్టాటిన్ పేరుతో మొదటి స్టాటిన్ అమ్మకానికి వచ్చింది. ‘ఇంగ్లిష్ మందు కెమికల్, మాది ప్రకృతి సిద్ధం’ అని రెడ్ ఈస్ట్ రైస్ క్యాప్సూల్స్ అమ్మేవాళ్లు ఎదురైతే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ ఎర్రబియ్యంలో పనిచేసేది మోనకోలిన్ కె, అది లోవాస్టాటినే. డబ్బా డబ్బాకూ అది ఎంత ఉందో తెలియదు, అంతే తేడా. స్టాటిన్‌తో పాటు అదీ వేసుకుంటే మోతాదు మీద మోతాదు పడుతుంది. వెల్లుల్లి కూరలో వేసుకోండి, మంచిదే. మాత్రకు బదులు మాత్రం కాదు.

గుండె జబ్బు ఉన్నవాళ్ల ప్రాణం ఈ మందు కాపాడుతుందా అన్నది 1994లోనే తేలిపోయింది. స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగుల మీద ఐదేళ్లకు పైగా చేసిన 4ఎస్ అధ్యయనంలో సిమ్వాస్టాటిన్ వేసుకున్నవాళ్లలో మరణాలు 30 శాతం తగ్గాయి. ఎల్‌డీఎల్ సుమారు 39 పాయింట్లు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటివి ఐదో వంతుకు పైగా తగ్గుతాయని తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే తేలింది. మీ నాయనకు 78 పాయింట్లు తగ్గింది.

ఇప్పుడు కాళ్ల నొప్పులు. దీన్ని తీసిపారేయకూడదు, భయపడి మాత్ర పారేయనూ కూడదు.

స్టాటిన్ వల్ల వచ్చే నొప్పికి ఒక తీరు ఉంటుంది. రెండు వైపులా ఒకేలా వస్తుంది. తొడలు, పిరుదులు, పిక్కలు, భుజాలు లాంటి పెద్ద కండరాల్లో ఉంటుంది. మందు మొదలుపెట్టిన, లేదా మోతాదు పెంచిన మూడు నెలల లోపు వస్తుంది. మోకాలి కీలు నొప్పి, ఒక కాలే లాగడం, నడుం నుంచి పాదం దాకా జివ్వుమనడం, అరికాళ్ల మంటలు, ఇవి స్టాటిన్ నొప్పులు కావు. కొంతదూరం నడిస్తే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గిపోతుంటే అది కాలి రక్తనాళాల్లో పూడిక కావచ్చు. దానికి స్టాటిన్ ఇంకా ఎక్కువ అవసరం, ఆ సంగతి డాక్టర్‌కు విడిగా చెప్పండి. మీ నాయన రెండేళ్లుగా అదే మాత్ర అదే మోతాదులో వాడుతున్నారు, నొప్పి ఇప్పుడు మొదలైందంటే ముందు వేరే కారణం వెతకాలి.

వెతకాల్సిన వరస ఇది. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ మొట్టమొదట, ఎందుకంటే థైరాయిడ్ తగ్గితే కండరాలు నొప్పి పుడతాయి, స్టాటిన్ నొప్పి పెరుగుతుంది, పైగా ఎల్‌డీఎల్ కూడా పెరుగుతుంది. తర్వాత విటమిన్ డి. తర్వాత సీకే అనే కండరాల ఎంజైమ్ పరీక్ష. ఈ సీకే దగ్గర మనవైపు వాళ్లు ఒకటి గమనించాలి. అలిపిరి మెట్లెక్కి వచ్చినా, చేలో చెనిక్కాయ చెట్లు పీకినా, బరువులు మోసినా సీకే కొన్ని రోజులపాటు బాగా పెరుగుతుంది. మెట్లు దిగడం వల్ల ఎక్కడం కంటే ఎక్కువ పెరుగుతుంది. కొండకు నడిచి వెళ్లొచ్చిన మూడో రోజు రక్తం ఇచ్చి, అంకె చూసి స్టాటిన్‌ను తప్పుపట్టడం సరికాదు. కనీసం ఒక వారం మామూలుగా ఉండి అప్పుడు ఇవ్వాలి.

కొత్తగా చేరిన మందులేమైనా ఉన్నాయేమో కూడా చూడండి. తామరకు చర్మం డాక్టరో, ఒక్కోసారి మందుల షాపతనో వారాల తరబడి ఇట్రాకొనజోల్ ఇస్తారు. అది అటోర్వాస్టాటిన్‌ను ఒంట్లోంచి పోనివ్వదు, మోతాదు పేరుకుపోయి కండరాలు దెబ్బతింటాయి. దగ్గు, గొంతు నొప్పికి ఇచ్చే క్లారిథ్రోమైసిన్ కూడా అంతే. అజిథ్రోమైసిన్‌తో ఆ బెడద బాగా తక్కువ. బీపీకి, గుండె దడకు వాడే డిల్టియాజెమ్, గౌట్‌కు ఇచ్చే కొల్చిసిన్, ట్రైగ్లిజరైడ్లకు ఇచ్చే జెమ్‌ఫైబ్రోజిల్ కూడా ఈ కోవలోవే. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా, పళ్ల డాక్టరైనా సరే, వాడుతున్న స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని పోవాలి. ఇంకోటి: మందు కాగితంలో ‘గ్రేప్‌ఫ్రూట్ తినొద్దు’ అని ఉంటే ద్రాక్ష అనుకుని చాలామంది ద్రాక్ష మానేస్తారు. గ్రేప్‌ఫ్రూట్ పంపరపనస జాతి పండు. ద్రాక్ష, బత్తాయి, నిమ్మ తినొచ్చు, పంపరపనస వద్దు.

ఇవన్నీ చూశాక కూడా స్టాటినే కారణమనిపిస్తే డాక్టరే రెండు నుంచి నాలుగు వారాలు ఆపి చూస్తారు. నొప్పి తగ్గకపోతే మాత్ర తప్పేమీ లేదు, అదే మళ్లీ మొదలుపెడతారు. తగ్గితే తక్కువ మోతాదులోనో, వేరే స్టాటిన్‌తోనో మొదలుపెడతారు. రోసువాస్టాటిన్ 5 మి.గ్రా. రోజు విడిచి రోజు ఇచ్చి దానికి ఎజెటిమైబ్ కలిపే పద్ధతి చాలామందికి సరిపోతుంది. ఆసియా వాళ్లలో రోసువాస్టాటిన్ రక్తంలో ఎక్కువగా నిలుస్తుంది, కాబట్టి మనకు 5తో మొదలుపెట్టడం మామూలే. ఒకటి పడలేదని స్టాటిన్లన్నీ పడవని తీర్మానించుకోకండి.

వెంటనే ఆపాల్సిన సందర్భం అన్నాను కదా. కండరాలు తట్టుకోలేనంత నొప్పి, లేవలేనంత బలహీనత, మూత్రం డికాక్షన్ రంగులో రావడం. ఇలా అయితే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి పోవాలి. కండరం కరిగి కిడ్నీ మీద పడుతోందన్నమాట. ఇది చాలా అరుదు, కానీ గుర్తులు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

నొప్పి విషయంలో ఇంకొక్క మాట. 2020లో బ్రిటన్‌లో వచ్చిన సామ్‌సన్ అనే అధ్యయనంలో, పడలేదని స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందులేని ఉత్తమాత్ర, కొన్ని నెలలు ఏ మాత్రా లేకుండా ఏడాదిపాటు చూశారు. ఏ మాత్రా లేని నెలల్లో బాధలు తక్కువ. మాత్ర వేసుకున్న నెలల్లో ఎక్కువ, కానీ అసలు మాత్రకూ ఉత్తమాత్రకూ దాదాపు తేడా లేదు. బాధలో 90 శాతం ఉత్తమాత్రతో కూడా వచ్చింది. నొప్పి అబద్ధమని దీని అర్థం కాదు, వాళ్లకు నిజంగానే నొప్పి పుట్టింది. ఆ నొప్పిని చాలావరకు పుట్టించింది మాత్రలోని మందు కాదు, మాత్ర మీద భయం. బంధువులు రోజూ ‘ఆ మాత్రతో కాళ్లు పోతాయి’ అంటుంటే కాళ్లు లాగడంలో వింతేమీ లేదు. మీ నాయన ఎదుట ఆ మాటలు అననివ్వకండి.

లివర్ సంగతి. మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు ఒకసారి ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైమ్ పరీక్ష చూస్తారు. కాస్త పెరగడం ఉంటుంది, చాలామందిలో దానంతటదే దిగుతుంది. మామూలు హద్దుకు మూడు రెట్లు దాటి, మళ్లీ చేసినా అలాగే ఉంటేనే మందు ఆపే ఆలోచన. స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అని రాశారని స్టాటిన్ మానక్కర్లేదు. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లు ఎక్కువగా పోయేది గుండె జబ్బుతోనే, వాళ్లకు స్టాటిన్ ఇంకా కావాలి. లివర్‌ను నిజంగా పాడుచేసేది సారాయి.

షుగర్ మాట నిజమే, కాబట్టి దాచి చెప్పను. 2010లో 13 అధ్యయనాలను కలిపి చూస్తే, 255 మంది నాలుగేళ్లు స్టాటిన్ వాడితే వాళ్లలో అదనంగా ఒకరికి షుగర్ వచ్చింది. ఆ వచ్చేది కూడా ఎక్కువగా ఇప్పటికే షుగర్ అంచున ఉన్నవాళ్లకే. అదే 255 మందిలో తప్పిన గుండె ఉపద్రవాలు అంతకు ఐదు రెట్లు. స్టెంట్ ఉన్న మనిషికి ఈ బేరంలో ఏది తీసుకోవాలో వేరే చెప్పక్కర్లేదు. ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) చూపించుకుంటూ ఉండండి.

వేసుకునే పద్ధతి: అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా ఒకటే, తిండికి ముందైనా తర్వాతైనా. మరిచిపోని వేళ పెట్టుకోండి. ఒక పూట మరిస్తే మర్నాడు రెండు వేసుకోవద్దు. రోసువాస్టాటిన్‌కు మారితే గ్యాస్‌కు తాగే తెల్ల సిరప్‌ను దాని తర్వాత రెండు గంటలు ఆగి తాగాలి. డబ్బు ఇబ్బందైతే మందు మానకండి, జన్ ఔషధి దుకాణంలో అదే పేరు, అదే మోతాదు అడగండి. షాపులో వేరే కంపెనీ స్ట్రిప్ ఇస్తే లోపలి మందు పేరు, మి.గ్రా. పాతదాంతో పోల్చి చూసి తీసుకోండి. అటోర్వాస్టాటిన్ 40కి రోసువాస్టాటిన్ 40 బదులు కాదు. పరీక్ష మళ్లీ ఎప్పుడంటే మందు మార్చిన 4 నుంచి 12 వారాల మధ్య, అంకె దారికొచ్చాక ఆరునెలలకో ఏడాదికో. జ్వరం, ఆపరేషన్ అయిన వెంటనే తీస్తే కొలెస్ట్రాల్ తక్కువగా చూపిస్తుంది, అది నమ్మి మోసపోవద్దు.

తిండి దగ్గరికి వస్తే, స్టెంట్ పడిన మనిషికి తిండి మందుకు తోడు, బదులు కాదు. బాగా పాటిస్తే ఎల్‌డీఎల్ 10, 15 శాతం తగ్గుతుంది. మన ఇళ్లలో లెక్క తప్పేది నూనె దగ్గర. మనిషికి రోజుకు 20 గ్రాములంటే నెలకు సుమారు 650 మి.లీ., నలుగురున్న ఇంటికి రెండున్నర లీటర్లు. నెల మొదట్లో అంతే కొని, నెలాఖరు దాకా రావాలని పట్టుబట్టండి. ఏ నూనె అన్న వాదన కంటే ఈ కొలత ముఖ్యం. మన చెనిక్కాయ నూనెలో చెడ్డ కొవ్వు ఐదో వంతు లోపే, నిశ్చింతగా వాడొచ్చు. పామాయిల్‌లో అది సగం. హోటల్ బోండాలు, బజ్జీలు, ప్యాకెట్ మిక్చర్లు ఎక్కువగా దాంతోనే వేయిస్తారు. నూనె ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేనిది’ అని రాస్తే మురిసిపోకండి, గింజల్లోంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. నెయ్యి రోజుకు ఒక చిన్న చెంచా. శ్రీవారి లడ్డూ ప్రసాదంగా చిటికెడు కళ్లకద్దుకుని తినండి, ఒక్కరే కూర్చుని మొత్తం తినకండి. కోడిగుడ్డు రోజుకొకటి తినొచ్చా అంటే, ఎల్‌డీఎల్ 55కు చేరేదాకా పచ్చసొన వారానికి మూడు నాలుగుకు మించకుండా చూడమంటాను.

మంచి చేసేవి మన వంటింట్లోనే ఉన్నాయి. చలికాలంలో అనపకాయల పితికిపప్పు, ఉలవచారు, పెసలు, అలసందలు. వీటిలో కరిగే పీచు పేగుల్లో కొలెస్ట్రాల్‌ను పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. రాగిసంగటి మంచిదే. కానీ అందులో సగం బియ్యం నూకే, ముద్ద మీద ముద్ద తింటే ట్రైగ్లిజరైడ్లు దిగవు. పిడికిలంత ముద్ద ఒకటి, దానిపక్కన ఆకుకూర పప్పు ఎక్కువగా. ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి) ఒక గరిటె చాలు. మీ నాయన ట్రైగ్లిజరైడ్లు ఇంకా 170 ఉన్నాయంటే కొవ్వు కంటే అన్నం, తీపి, సారాయి ఈ మూడింటిని ముందు చూడాలి. మామిడి కాలంలో రక్తం ఇచ్చారేమో కూడా గుర్తు తెచ్చుకోండి. 300 గ్రాముల బేనీషా గుజ్జులో ఎనిమిది చెంచాల దాకా చక్కెర ఉంటుంది, రోజూ రెండు కాయలు తిన్న నెలలో ఆ అంకె పెరగడం మామూలే. బీడీ ఉంటే అది ఈ రోజే మానాలి. అది చేసే చెడును ఏ మాత్రా, ఏ పథ్యమూ పూడ్చలేవు.

కొండకు నడిచి వస్తానని మొక్కున్నవాళ్లు చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్ల పైచిల్లరే, 2,388 మెట్లు, కానీ నిట్టనిలువుగా ఉంటుంది. దగ్గర కదా అని స్టెంట్ పడినవాళ్లు దాన్ని ఎంచుకోవడం తప్పు, తక్కువసేపట్లో గుండె మీద ఎక్కువ భారం పడుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు నడకదారిలో రావద్దని టీటీడీయే చెబుతోంది. డాక్టర్ పరీక్ష చేసి సరేనంటే తప్ప బస్సులోనే వెళ్లండి. రోజూ చదును నేల మీద నలభై నిమిషాలు నడిస్తే గుండెకు కావాల్సింది అందుతుంది. నడకలో ఛాతీ బరువెక్కినా, దవడ లాగినా, చెమటలు పోసినా గ్యాసని సోడా తాగుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి చేరేసరికి ఎన్ని నిమిషాలైందన్నదే అప్పుడు లెక్క.

మీ సంగతి. తండ్రికి 55 లోపు గుండెపోటు వస్తే కొడుక్కి ముప్పు ఎక్కువ, మీ నాయనకు 53కే వచ్చింది. ఇప్పుడే లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), షుగర్, బీపీ చూపించుకోండి. పరగడుపున ఇవ్వాలనే నియమం లేదు, ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువ వస్తేనే పన్నెండు గంటలు ఉపవాసం ఉండి మళ్లీ ఇవ్వాలి. దాంతోపాటు లైపోప్రొటీన్ ఎ పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకోండి. అది వంశంలో వచ్చేది, తిండితో మారదు, 50 మి.గ్రా. దాటితే మిగతా అంకెలు బాగున్నా జాగ్రత్తపడాలి. మీ ఎల్‌డీఎల్ 190 దాటినా, మడమ వెనక నరం మందంగా గడ్డకట్టినట్టు ఉన్నా ఆలస్యం చేయకుండా గుండె డాక్టర్‌ను కలవండి. మీకు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉంటే వాళ్లకూ ఇవే పరీక్షలు, 18 దాటిన అందరికీ.